అల్లుడూ, ఎర్రర్ చూపిన లైన్ కాదు, దాని పైకి చూడు

అల్లుడూ, నువ్వు పంపిన నీ సీ ప్రోగ్రామ్ ఫొటో చూసిన. స్క్రీన్ నిండ ఎర్రర్లే ఉన్నయని పరేషాన్ అయి మొత్తం తుడిచేసి మళ్ల రాస్తనంటున్నవ్, ఆ పని మాత్రం చెయ్యకు. అన్ని ఎర్రర్లు వచ్చినయంటే అన్ని తప్పులు చేసినట్టు కాదు, ఒకకాడ లైన్ చివర పెట్టే సెమికోలన్ (;) పోతే కంపైలర్‌కు, అంటే నువ్వు రాసింది చదివి మెషిన్ భాషలకు మార్చేదానికి, అక్కడికెల్లి లెక్క తప్పుతది, మంచిగున్న లైన్లకు కూడా వంకలు పెడతది. అందుకే అన్నిటికంటే పైన వచ్చిన ఎర్రర్ ఒక్కటే చూడు, అది సరిచేసి మళ్ల కంపైల్ కొట్టు, కిందివి చానా వరకు వాటంతటవే పోతయ్.

12వ లైన్ అన్నదని 12నే పట్టుకుని కూసోకు. సెమికోలన్ లేదని దానికి తెలిసేదే తర్వాతి మాట చదివినంక కదా, అందుకే మీ ల్యాబ్‌ల ఉన్న పాత కంపైలర్ టర్బో సీ, తప్పు 11ల ఉంటే 12 చూపెడతది (జీసీసీ అనే ఇంకో కంపైలర్ కొత్తది చానాసార్లు పై లైన్ చివరనే చూపెడతది, ఇంట్ల అదే ఎక్కించుకో). మన నల్లగొండ బత్తాయి తోటల చివరి చెట్టుకు నీళ్లు రాకుంటే మీ నాయన ఆ చెట్టుకాడ నిలబడతడా, డ్రిప్ పైపు పట్టుకుని పైకి పోతడు, నువ్వు గూడ గట్లనే పోవాలె.

నీ ఫొటోల పైనున్న ఎర్రర్ మెయిన్ ముందున్న 'ఇంట్' మీద పడ్డది, దాని పైన వేరే ఫైళ్లను తెచ్చే ఇంక్లూడ్ లైన్లు తప్ప ఏం లేవు. నాకైతే ఆ ఇంక్లూడ్‌తోని తెచ్చుకున్న నీ హెడర్ ఫైల్ మీదనే అనుమానం. అందుల స్ట్రక్ట్ (కొన్ని వివరాలను ఒక్కకాడ కట్టేది) రాసి ఫ్లవర్ బ్రాకెట్ మూసినంక సెమికోలన్ మరిచినవేమో చూడు. హెడర్‌ను తెచ్చి అక్కడ అతికించినట్టే చదువుతది కాబట్టి తప్పు ఒక ఫైల్ల, తిట్లు ఇంకో ఫైల్ల. జీసీసీకి మైనస్ క్యాపిటల్ ఈ పెట్టి నడిపితే అతికించినంక ఎట్లున్నదో మొత్తం కనవడతది.

ఒక పేరుకు విలువ పెట్టే డిఫైన్ లైన్ గూడ గంతే. మ్యాక్స్ 100 అని రాసి చివర సెమికోలన్ పెడితే టర్బో సీ ఆ లైన్‌ను ఏమనదు, కింద ఆ మ్యాక్స్‌ను వాడిన మార్క్స్ అర్రే (మార్కుల వరుస) కాడ స్క్వేర్ బ్రాకెట్ ఏదీ అంటది. ఫైల్ ఆఖరి లైన్ల 'ఎండ్ ఆఫ్ ఇన్‌పుట్' అని వస్తే ఎక్కడనో ఫ్లవర్ బ్రాకెట్ మూయలేదు. 'స్ట్రే 342' అని వస్తే నోట్స్‌ల కెల్లి కాపీ కొట్టినవన్నట్టే, వంకర కోట్లు తీసి నీ కీబోర్డుతోని కొట్టు.

ఇంకా రాకుంటే హెడర్, డాట్ సీ రెండు ఫైళ్లు పంపు, ఫొటోలు వద్దు, అందుల సెమికోలన్లు నాకు ఆనవ్.