ఏ తీగ ఎటు మాట్లాడుతోందో చూడు

చెన్నై

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌లో జవాబు పంపే ఎకో పిన్నుని ఈఎస్‌పీ32 చిప్పు బోర్డుకి నేరుగా కలిపావు, నాలుగు రోజులు బాగానే నడిచింది, ఐదో రోజు చిప్పు వైపు పిన్ను చచ్చిపోయింది. "పనిచేసింది కదా పెదనాన్నా, తప్పెక్కడ?" అని అడిగావు. ఆ నాలుగు రోజులూ అది ఓర్చుకుందమ్మా, అంతే.

ఆ సెన్సర్ 5 వోల్టులది, ఎకో కూడా 5 వోల్టులే వదులుతుంది. నీ చిప్పు పిన్ను తట్టుకునేది 3.6 దాకానే. ఎక్కువైంది లోపలి రక్షణ డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే భాగం) గుండా చిప్పు 3.3 వోల్టుల సప్లైలోకి పారుతుంది. యూఎస్‌బీ పీకేశాక కూడా బోర్డు మీద లైటు మసగ్గా వెలిగిందన్నావే, అది దయ్యం కాదు. సెన్సర్‌కి విడిగా ఇచ్చిన కరెంటే దొడ్డిదారిన వచ్చింది.

ఇకమీదట వైరింగ్ మొదలెట్టేముందు కాగితం మీద ప్రతి తీగకీ ఒక బాణం గీయి. ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు? మందు దాన్నిబట్టే.

5 నుంచి 3.3కి దిగేదైతే రెండు రెసిస్టర్లు చాలు. ఎకో నుంచి పిన్నుకి 1 కిలో ఓమ్, పిన్ను నుంచి గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టుల తీగకి, 2 కిలో ఓమ్. మూడింట రెండు వంతులు మిగిలి 3.33 వోల్టులొస్తాయి. 2 కిలో లేకపోతే రెండు 1 కిలోలు వరసగా కలుపు. తారుమారు చేశావో, 1.67 వస్తుంది, చిప్పుకి వినపడదు. చిప్పు నుంచి సెన్సర్‌కి ఆజ్ఞ మోసే ట్రిగ్గర్ తీగ జోలికి పోకు, దానికి 3.3 సరిపోతుంది. ఎస్‌డీ కార్డులాంటి వేగమైన వాటికి మాత్రం రెసిస్టర్లు వద్దు, సిగ్నల్ అంచులు మొద్దుబారతాయి.

3.3 నుంచి 5కి ఎక్కించేటప్పుడే అసలు తిరకాసు. 5 వోల్టుల ఆర్డుయినో ఊనో బోర్డు 3 వోల్టులు దాటితే 'ఒకటి' (ఆన్) అని ఒప్పుకుంటుంది, కాబట్టి నీ 3.3 నేరుగా నడుస్తుంది. అదే 5 వోల్టుల మీద నడిచే డబ్ల్యూఎస్2812బీ రంగు లైట్లు 3.5 అడుగుతాయి. టేబుల్ మీద వెలుగుతాయి, ప్రదర్శన రోజున పిచ్చి రంగులు చూపిస్తాయి. మధ్యలో సిగ్నల్‌ని 5కి పెంచి పంపే 74ఏహెచ్‌సీటీ125 చిప్పు పెట్టి దానికి 5 వోల్టులివ్వు, అది 2 వోల్టులకే వింటుంది. కొట్టువాడు "రెండూ ఒకటే" అని 74హెచ్‌సీ125 చేతిలో పెడతాడు. 'టీ' లేనిది తీసుకోకు, అదీ 3.5 అడిగే రకమే.

ఎల్‌సీడీ తెరలాంటివాటిని కలిపే ఐ2సీ తీగ రెండు వైపులా మాట్లాడుతుంది గనక దానికి బాణం కుదరదు. ఎవరైనా కిందికి లాగడమే తప్ప పైకి తోయరు, పైకెత్తేది సప్లైకి కట్టిన పుల్‌అప్ రెసిస్టరే. ఎల్‌సీడీ వెనకున్న మాడ్యూల్లో అది 5కి కట్టి ఉంటుంది, అంటే ఆ 5 నీ పిన్ను దాకా వస్తుంది. రెండు వైపులా వోల్టేజీ మార్చడానికి బీఎస్‌ఎస్138 మాస్‌ఫెట్లు (స్విచ్చుల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) ఉన్న నాలుగు దారుల చిన్న బోర్డు దొరుకుతుంది, అది వాడు. దాని మీద హెచ్‌వీ (ఎక్కువ వోల్టేజీ) పిన్నుకి 5, ఎల్‌వీ (తక్కువ వోల్టేజీ) పిన్నుకి 3.3 ఇవ్వడం మరచిపోకు.

గ్రౌండ్ సంగతి చెప్పడానికి నాకే సిగ్గు. గిండీలో ఒక యంత్రం దగ్గర రెండు రోజులు ప్రోగ్రాం తిరగరాశాను. రెండు బోర్డుల గ్రౌండ్లూ కలపనేలేదు! వోల్టేజీ ఎప్పుడూ దేనితోనో పోల్చి చెప్పేదే కదా, ఆ పోలికే లేకపోతే చిప్పు మాత్రం ఏం చేస్తుంది?

శనివారం పొద్దున్నే రా, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కి వెళదాం. మల్టీమీటర్ తెచ్చుకో. ఆ బోర్డు పారేయకు, మిగతా పిన్నులు ఒక్కొక్కటీ పరీక్షించి, చచ్చినదాని పక్కన ఎర్ర చుక్క పెట్టు.

మీ పెదనాన్న