ఆస్కార్ ఉత్తమ పాట అవార్డు పాడినవాళ్లకు కూడా ఇస్తారా?

ఇవ్వరు, ఉత్తమ ఒరిజినల్ సాంగ్ ఆస్కార్ బాణీ కట్టినవారికి, సాహిత్యం రాసినవారికి మాత్రమే దక్కుతుంది. ఆ విభాగం గుర్తించేది సినిమా కోసం కొత్తగా పుట్టిన రచనను. గొంతు ఎంత గొప్పదైనా అది లెక్కలోకి రాదు. గాయకులే రాతలోనో స్వరరచనలోనో పాలుపంచుకుంటే అది వేరే సంగతి.

2023లో 'ఆర్‌ఆర్‌ఆర్'లోని 'నాటు నాటు'కు ప్రతిమలు అందుకున్నది ఎం.ఎం. కీరవాణి, చంద్రబోస్. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అదే వేదిక మీద పాటను హోరెత్తిస్తే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అది చూసి అవార్డు వాళ్లకూ వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది వేడుకలో భాగంగా జరిగిన ప్రదర్శన మాత్రమే. ప్రేమ్ రక్షిత్ స్టెప్పులు లేకుండా ఆ పాటను ఊహించలేం, కానీ నృత్య దర్శకత్వానికి ఇప్పుడు అక్కడ విభాగమే లేదు.