ఆ విజిల్ అమ్మ దగ్గరే ఉండనీ

శ్రీకాకుళం జిల్లా అమ్మాయి ఒకరు రాశారు, పెళ్లయ్యాక విశాఖలో ఉద్యోగం చేసుకుంటోంది. వాళ్ల నాన్నగారు 31 ఏళ్లు గవర్నమెంట్ స్కూల్లో పీఈటీ మాస్టారు, రిటైరయ్యాక కూడా తెల్లారకముందే గ్రౌండ్‌కెళ్లి ఊళ్లో కుర్రాళ్లకి వాలీబాల్ నేర్పుతూ, ఆర్మీ సెలక్షన్స్‌కెళ్లేవాళ్లని స్టాప్‌వాచ్ పట్టుకుని పరిగెత్తిస్తూ, చివరికి ఆ గ్రౌండ్ పక్కనే గుండెపోటుతో పోయారట. సంవత్సరీకం దగ్గరకొస్తోంది. శిష్యులంతా ఆయన పేరు మీద మూడ్రోజుల టోర్నమెంట్ పెడదామన్నారు, ఈ అమ్మాయి మా ఇంటి తరఫున రెండు లక్షలు అని మాటిచ్చేసింది. వాళ్లమ్మ ఒక్క రూపాయి ఇవ్వనంది, అటక మీద నెట్టు కూడా దించొద్దంది. "నాన్నంటే అమ్మకి ప్రేమే లేదా మేడమ్, ఎలా ఒప్పించాలి? అమ్మ ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంది, చెప్పకుండా తీసి ఇచ్చేస్తే తప్పా?" అని అడుగుతోంది.

తప్పేనమ్మా. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. అది ఆవిడ డబ్బు. ఫ్యామిలీ పెన్షన్ అంటే మీ నాన్నకొచ్చే పెన్షన్ అంతా ఎప్పటికీ అలాగే వస్తుందనుకుంటున్నావేమో, మొదట కొన్నేళ్లు కాస్త ఎక్కువొచ్చి ఆ తర్వాత ఆఖరి బేసిక్‌లో 30 శాతానికి దిగిపోతుంది, ఇంకా బతకాల్సిన రోజులు బోలెడున్న మనిషికి రెండు లక్షలు చిన్న మొత్తం కాదు. రేపు సాయంత్రంలోగా ఆ కార్డు తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టు. ఒప్పించే ఉపాయాలు నా దగ్గర లేవు, ఉన్నా చెప్పను.

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. మీ నాన్న గురించి ఎంత బాగా రాశావో. వెదురు కర్రకి రెండు మేకులు కొట్టుకుని, మగపిల్లలకి నెట్టు 2.43 మీటర్లు, ఆడపిల్లలకి 2.24 అని కొలిచి మరీ కట్టేవారని, ఒక్క వేలెడు తేడా వచ్చినా విప్పించి మళ్లీ కట్టించేవారని. బంధువులు ఆడపిల్లకి నిక్కరేంటని గొణిగితే నిన్నే టీమ్ కెప్టెన్ని చేశారని. పదో తరగతి పరీక్షలు అయిపోయేదాకా సెంటర్ బయట చెట్టు కింద సైకిల్ పట్టుకుని నిలబడ్డారని. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తలేక ఏడుస్తున్న కుర్రాడి పక్కన, ఆ వయసులో, తనూ పరిగెత్తారని. అలాంటి తండ్రి దొరకడం అదృష్టం. చదువుతుంటే నాకూ కళ్లు తడిసాయి.

కానీ ఆ ఉత్తరంలో ఇంకో మనిషి కూడా ఉంది, నువ్వు చూడకుండానే రాసేశావు.

"నాన్న ఇరవై మంది పిల్లలకి రోజూ శనగలు, చోడి అంబలి పెట్టేవారు" అన్నావు. రాత్రి శనగలు నానబోసిందెవరు, మూడున్నరకి లేచి పొయ్యి వెలిగించిందెవరు? "పిల్లల్ని పోటీలకి పంపడానికి నాన్న గొలుసు కుదువ పెట్టారు" అన్నావు. ఎవరి గొలుసమ్మా అది? విడిపించారా? ఆ సంగతి నువ్వు రాయలేదు, నీకు తెలియదనే నా అనుమానం. బురదలో ఆడొచ్చిన జెర్సీలు ఉతికిందెవరు, పండక్కి కూడా భర్త టోర్నమెంట్లలోనే ఉంటే నీకు కొత్త బట్టలు కొన్నదెవరు? అమ్మ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ నీ కలం "మొండి", "రాయి" అనే రాసింది.

నువ్వు నాన్నతో ఎలా ఉన్నావో నాకు బెంగ లేదు, ఆ బంధం నిండుగా ఉంది. కష్టమంతా నీకూ అమ్మకీ మధ్యే ఉంది, అది ఈ టోర్నమెంట్‌తో మొదలైంది కూడా కాదు. ఇంట్లో ఒక హీరో ఉన్నప్పుడు పిల్లలందరూ హీరో పక్కనే నిలబడతారు, వంటింట్లో ఉన్న మనిషి వెళ్లొద్దు, ఆడొద్దు, డబ్బుల్లేవు అని చెప్పే మనిషైపోతుంది.

వాలీబాల్ ఇంట్లో పుట్టావు కాబట్టి సింధు వాళ్ల నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన టీమ్‌లో ఉన్నారని నీకు తెలిసే ఉంటుంది. వాళ్లమ్మ విజయ గారు కూడా వాలీబాల్ ప్లేయరేనని మీ ఊళ్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడు. మీ జిల్లా ఊసవానిపేట మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలెత్తి పతకం తెస్తే దేశమంతా ఊరేగించింది కదా, ఆ పిల్ల వెనక నిలబడిన తల్లి శ్యామల గారి పేరు ఎంతమంది నోట వస్తుంది?

మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. మా నాన్న కూడా ఊరి పిల్లలకి ఉచితంగా ట్యూషన్ చెప్పేవారు. సంతాప సభలో చాలామంది మాట్లాడారు, ఏ ఒక్కరి నోటా మా అమ్మ పేరు రాలేదు, నా నోటా రాలేదు. ఆవిడ వెనక వరసలో కూర్చుంది, ఇంటికొచ్చాక ఏమీ అనలేదు, అందరికీ మజ్జిగ కలిపిచ్చింది. ఆ గ్లాసు అందుకున్నప్పుడు కూడా నాకు తట్టలేదు. తట్టేసరికి అమ్మ లేదు.

ఇప్పుడు నీ ఉత్తరం చివర ఫిర్యాదులా రాసిన ముక్క దగ్గరకొస్తాను. "స్టేజి మీద ఫోటో పక్కన పెట్టడానికి నాన్న విజిల్ అడిగితే కూడా ఇవ్వలేదు, పోపుల పెట్టెలో పెట్టుకుని కూర్చుంది" అన్నావు. పోపుల పెట్టెలో, తల్లీ! బీరువాలో కాదు, దేవుడి గూట్లో కాదు. ఆవాలు, మినప్పప్పు మధ్య. రోజుకి రెండుసార్లు మూత తీసే చోట, వేరే ఎవరూ చెయ్యి పెట్టని చోట. ఆయనంటే ప్రేమ లేదా అని ఇంకా నన్నడుగుతావా?

అసలు ఈ టోర్నమెంట్ సంగతి ఆవిడతో ముందు మాట్లాడిందెవరు? కుర్రాళ్లు నిన్ను అడిగారు, నువ్వు మాటిచ్చావు, పాంప్లెట్ల మీద పేర్లు కూడా రాసుకున్నారు, ఆవిడకి చివర్లో బిల్లు చూపించారు. ఏడాది కూడా నిండలేదని, భర్త పోయిన మనిషని స్టేజి ఎక్కించరని ఆవిడకి ముందే తెలుసు. అలాంటి చోటికి డబ్బు మాత్రం ఎందుకివ్వాలి? నేనైనా ఇవ్వను.

కుర్రాళ్లకి ఫోన్ చేసి, రెండు లక్షలు నా తొందరపాటు, నా జీతంలో నాకు చేతనైంది ఇస్తాను అని చెప్పెయ్. పరువేం పోదు. ఆయన దగ్గర పరిగెత్తి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు తలా కొంత వేసుకుంటారు, మూడ్రోజులు కాకపోతే ఒక్కరోజు ఆడతారు, సున్నం గీతలు గీసి నెట్టు కడితే చాలు వాలీబాల్‌కి. ఆ నెట్టు కూడా వేరేది కొనుక్కోమను.

నువ్వు మాత్రం శుక్రవారం రాత్రి బస్సెక్కి ఇంటికెళ్లు. టోర్నమెంట్ మాట ఎత్తకు. అమ్మ పక్కన పడుకో. లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీకి ఎవరితో వెళ్తున్నావమ్మా అని అడుగు, మోకాళ్లెలా ఉన్నాయని అడుగు, ఆ గొలుసు సంగతి అడుగు. తెల్లారి మూడున్నరకి ఆవిడ ఇంకా అలవాటుగా లేస్తోందేమో చూడు, లేస్తే నువ్వూ లేచి ఆ వంటింట్లో పీట మీద కూర్చో. మాట్లాడితే విను, తిడితే పడు. టోర్నమెంట్ రోజు గెలిచినవాళ్లకి కప్పు తన చేత్తో ఇస్తుందో, అసలు అటువైపే రాదో ఆవిడ ఇష్టం, ఆ రోజు రాకపోయినా నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

విజిల్ మాత్రం మళ్లీ అడగొద్దు.