సీఎస్‌ఈ వదిలేసి క్లైమేట్ వైపు వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈ మూడో సంవత్సరం. క్లైమేట్ ఛేంజ్ మీద పని చేస్తానంటోంది, బీటెక్ అయ్యాక ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో పీజీ చేసి ఐక్యరాజ్యసమితిలోనో, వాతావరణ మార్పు మీద రిపోర్టులిచ్చే ఐపీసీసీలోనో చేరాలని తన కోరిక. ఇన్నాళ్లు నేర్చుకున్న కోడింగ్ వృథా పోతుందేమోనని మా భయం.

జవాబు: వృథా ఏం పోదండీ, ఆ కోడింగే తనకి అక్కడ పెద్ద అండ. అంతర్జాతీయ సహకారం అనగానే మనకి టీవీలో కాప్ అనే ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులు, నాయకుల గ్రూప్ ఫోటోలే గుర్తొస్తాయి గానీ రోజువారీ సహకారం అంతా డేటా దగ్గరే నడుస్తోంది. అమెరికా తన ల్యాండ్‌శాట్ శాటిలైట్ చిత్రాల్ని 2008లో ఫ్రీ చేసేసింది, యూరప్ సెంటినెల్ శాటిలైట్ల డేటా ఎవరైనా దింపుకోవచ్చు, నాసా ఇస్రో కలిసి చేసిన నైసార్ శాటిలైట్ 2025 జూలైలో పైకెళ్లింది.

ఒక్క మీథేన్ గ్యాస్ సంగతే చూడండి. 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో మార్స్ అనే సిస్టమ్ ప్రకటించింది, ఎక్కడైనా ఆ గ్యాస్ పెద్ద ఎత్తున లీకైతే శాటిలైట్ డేటాలో పట్టుకుని ఆ దేశానికి, ఆ కంపెనీకి కబురు పంపుతారు. ఇలాంటి పనికి శాటిలైట్ డేటా చదవగలిగేవాళ్లు కావాలి, అల్గారిథం రాసేవాళ్లు కావాలి, గాలి ఎటు వీస్తోందో అర్థమయ్యేవాళ్లూ కావాలి. మీ అమ్మాయికి మొదటి రెండూ అందుబాటులోనే ఉన్నాయి, మూడోది నేర్చుకోవాలి.

ఐపీసీసీ గురించి ఒక మాట, అది సొంతంగా రీసెర్చ్ చేయదు, ఉన్న రీసెర్చ్‌ని మదింపు చేస్తుంది, రిపోర్టులు రాసే సైంటిస్టులకి జీతం కూడా ఇవ్వదు, వాళ్లంతా వేరేచోట పనిచేస్తూ రాసేవాళ్లే. కాబట్టి దాన్ని ఉద్యోగంగా అనుకోవద్దనండి. ఐక్యరాజ్యసమితిలో కూడా చాలా పోస్టులకి పీజీతో పాటు అనుభవం అడుగుతారు. ఈలోగా సోలార్, విండ్ కరెంటు ఎంతొస్తుందో ముందే అంచనా వేసే కంపెనీలు, ఇన్సూరెన్స్‌వాళ్లు, కార్బన్ లెక్కలు చూసే సంస్థలు ఇవన్నీ ఉన్నాయి, అక్కడ మొదలుపెట్టినా తప్పేం లేదు.

ఇప్పుడైతే పైథాన్‌లో వాతావరణ డేటా చూసే ఎక్స్‌అరే లైబ్రరీ, మ్యాపుల కోసం క్యూజీఐఎస్ నేర్చుకోమనండి, రెండూ ఫ్రీ. ఈఆర్ఏ5 అనే డేటాసెట్‌లో 1940 నుంచి గంటగంటకీ వాతావరణం ఉంటుంది, అందులో ఒక ప్రాంతం తీసుకుని వేడి రోజులు ఎలా మారాయో తేల్చి కోడ్ అందరూ చూసేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి. పది సర్టిఫికెట్ కోర్సుల కంటే నేనైతే ఆ ఒక్క ప్రాజెక్టుకే ఎక్కువ మార్కులేస్తా. స్టాటిస్టిక్స్ మాత్రం గట్టిగా చదవాలి, సీఎస్‌ఈ పిల్లలు దాన్ని పరీక్షకి ముందురోజు చదివి వదిలేస్తారు.

పీజీ విషయంలో మరీ జనరల్‌గా ఉండే ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ కంటే అట్మాస్ఫియరిక్ సైన్స్, రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్లతో భూమిని గమనించే చదువు), ఎనర్జీ సిస్టమ్స్ లాంటివి చూడమంటాను. ఆ మూడింట్లో ఏదన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు, ప్రాజెక్టు చేస్తున్నప్పుడు ఏ భాగం దగ్గర టైమ్ మర్చిపోయి కూర్చుందో మీరే గమనించండి.