జావా పల్లెలో కాపురం పెట్టబోయే మేనల్లుడికి

అల్లుడూ,

ఆశీస్సులు. క్లాతెన్ దగ్గర మీ అత్తారి ఊళ్లోనే ఉండిపోతామనీ, కాలవ కింద కాస్త మాగాణీ, ఇంటికో జాగా చూస్తున్నామనీ రాశావు. అక్కడి దెలాంగు ఊరి బియ్యానికి పేరుపడ్డ నేల అది, మనసు పడడంలో తప్పులేదు. అడ్వాన్సు మాత్రం ఇంకా ఇవ్వకు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసలోనే అంతా ఉంది. అది తప్పితే డబ్బూ పోతుంది, నేలా రాదు.

సంపూర్ణ హక్కును అక్కడ హక్ మిలిక్ అంటారు. 1960 నాటి భూచట్టం ప్రకారం అది ఇండోనేసియా పౌరులకే. నీకు రాగలిగింది హక్ పకై, అంటే వాడుకునే హక్కు. దానికి షరతులూ కనీస ధరలూ ఉన్నాయి కనుక పల్లెటూరి ఇంటికి అది పెద్దగా పనికిరాదు. బావమరిది పేరున కొని, చాటుగా ఒక కాగితం రాయించుకోమని చెప్పేవాళ్లు తప్పకుండా తగులుతారు. అలాంటి బదలాయింపు చెల్లదని అదే చట్టం 26వ అధికరణం అంటోంది: భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన సొమ్ము తిరిగి అడగడానికీ వీల్లేదు. బావమరిది ఎంత మంచివాడైనా ఈ మాట మారదు.

మరి అమ్మాయి పేరున కొంటే? అక్కడా చిక్కుంది. పెళ్లయ్యాక కొన్నది ఉమ్మడి ఆస్తి, అందులో నీ వాటా ఉన్నట్టే. విదేశీయుడి వాటా కలిసిందంటే ఆమె హక్కుకీ మచ్చ పడుతుంది. అందుకని ముందు ఆస్తి వేరు ఒప్పందం రాసుకోండి. పెళ్లికి ముందే రాసుకోవాలన్న నియమాన్ని 2016లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం సడలించింది. ఇప్పుడు కాపురంలో ఉండగానే నోటరీ దగ్గర రాయించి, పెళ్లి నమోదైన ఆఫీసులో ఎక్కించవచ్చు. దాని తేదీ కొనుగోలు దస్తావేజు కంటే ముందుండాలి. మీ మావగారు వారసత్వంగానో కానుకగానో ఇచ్చేది ఎటూ ఆమె సొంతమే, దానికి ఇంత తతంగం లేదు. నన్నడిగితే కొనడం కన్నా దాని కోసం ఆగడమే మేలు.

కొనక తప్పదంటే అమ్మేవాడు తెచ్చిన కాగితం ఏదో చూడు. లెటర్ చే, గిరిక్, పన్ను చీటీ: ఈ మూడూ పన్ను కట్టినట్టు చెబుతాయి గానీ హక్కు ఎవరిదో చెప్పవు. భూమి కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. చాలా వాటిలో ఇంకా చనిపోయిన తాతగారి పేరే ఉంటుంది. అప్పుడు వారసులందరూ సంతకం చెయ్యాలి, ఎప్పుడో సుమత్రా దీవిలోని లాంపుంగ్‌కి వలసపోయిన కొడుకుతో సహా. ఆ ఒక్క సంతకం దగ్గరే బేరాలు ఏళ్ల తరబడి ఆగిపోతాయి. బెంగ్‌కోక్ అని ఒకటుంది, ఊరి అధికారులకు జీతం కింద ఇచ్చే పొలం. దాన్ని కౌలుకిస్తారు, అమ్మకూడదు. దస్తావేజు రాసే అధికారిని పీపీఏటీ అంటారు; ఆయన ఫీజు ధరలో 1 శాతం దాటకూడదు. అమ్మేవాడికి 2.5 శాతం పన్ను, కొనేవాడికి మినహాయింపు పోను 5 శాతం.

సాగుభూమి సొంతదారు అదే మండలంలోనో, పక్క మండలంలోనో నివాసం ఉండాలని ఇంకో నియమం. అమ్మాయి గుర్తింపు కార్డు ఇంకా జకార్తా చిరునామాతోనే ఉంటే ముందు దాన్ని మార్పించు. చవగ్గా ఉందని మాగాణి కొని అందులో ఇల్లు కట్టే ఆలోచన అసలు వద్దు. 2009 చట్టం కింద కాపాడుతున్న పొలాలున్నాయి, వాటిలో ఇంటికి అనుమతి రాదు. ఇంటికి పెకరాంగన్, అంటే ఇళ్ల మధ్యనుండే దొడ్డి జాగానే చూడు. కాగితాల్లో కొలత మీటర్లలోనే ఉన్నా పెద్దవాళ్లు ఉబిన్లలో మాట్లాడతారు. ఉబిన్ 14 చదరపు మీటర్లు, మన సెంటులో మూడోవంతు. అలాంటివి 500 అయితే బావు, సుమారు ఎకరం ముప్పావు.

పొలాన్ని మొదటి ఏడాది అక్కడ ‘మరో’ అనే పద్ధతిలో ఇవ్వండి, అంటే పంటలో సగం పాలుకి. విత్తనం, ఎరువు, దమ్ము ఖర్చు ఎవరిదో నాట్లకు ముందే తేల్చుకోవాలి. ఊరంతా నాటే వారంలోనే మీరూ నాటాలి. ముందు పండినా వెనక పండినా చుట్టుపక్కల ఎలుకలూ పిట్టలూ మీ చేలోనే వాలతాయి. నీళ్లున్నాయి కదా అని మూడోసారీ వరి వేస్తే దోమపోటుకు విరామం ఉండదు. ఆ కారు పెసరకో వేరుశనగకో వదిలెయ్యండి. పంటను చేలోనే గుత్తకు కొనేవాణ్ణి పెనెబాస్ అంటారు. కొడవలి దిగకముందే డబ్బంతా తీసుకోవాలి. బయానా ఇచ్చి, వాన పడగానే ధర తగ్గించమని వచ్చేవాళ్లు ఎక్కువ. 2025లో ప్రభుత్వం పచ్చి ధాన్యానికి కిలో 6,500 రుపియాలు పెట్టింది, బేరానికి అది గుర్తుంచుకో. (మన గోదావరి జిల్లాల్లో ఐఆర్ 8 అని పండించారే, దాని తల్లి విత్తనం ‘పేతా’ ఇండోనేసియాదే.)

ఇంటి విషయంలో మేస్త్రీ మాట వినకు. 2006 మే 27 భూకంపంలో ఆ ప్రాంతంలో అయిదు వేలకు పైగా మనుషులు పోయారు, ఎక్కువగా ఊచలేని ఇటుక గోడల కింద. పునాది మీద 15×20 సెంటీమీటర్ల దూలం, మూలమూలనా గోడల మధ్యా 15×15 స్తంభాలు, పైన 12×15 దూలం. నిలువు ఊచ 10 మిల్లీమీటర్లు, రింగులు 8 మిల్లీమీటర్లవి, 15 సెంటీమీటర్లకొకటి. కాంక్రీటు సిమెంటు, ఇసుక, కంకర 1:2:3. మూలల్లో ఊచ అక్కడే తెగ్గొట్టకుండా 40 సెంటీమీటర్లు పక్క దూలంలోకి వంచాలి. అందరూ ఎగ్గొట్టేది అదే. బావికీ సెప్టిక్ ట్యాంకుకీ 10 మీటర్ల ఎడం ఉండాలి.

ప్రయాణం తేలిక. యోగ్యకర్త కొత్త విమానాశ్రయం నుంచి ఆ నగరంలోకి రైలుంది, 40 నిమిషాలు. అక్కణ్ణుంచి సోలో నగరానికి వెళ్లే లోకల్ రైలు క్లాతెన్, దెలాంగుల్లో ఆగుతుంది. రంజాన్ పండక్కి మాత్రం దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది, టిక్కెట్లు తెరిచిన రోజే కొనుక్కో.

ఊరి బాకీల్లో చావు పిలుపు అన్నిటికన్నా ముందు. పెళ్లికి వెళ్లకపోయినా చెల్లుతుందేమో గానీ, ఎవరైనా పోతే చేతిలో పని వదిలి వెళ్లాల్సిందే. పెళ్లి కవర్లలో ఎవరెంత పెట్టారో పుస్తకంలో రాస్తారు, తిరిగి అంతే పెట్టాలి. మీరూ ఒక పుస్తకం పెట్టుకోండి. పొరుగింట పెళ్లంటే అమ్మాయి ముందు రోజుల నుంచే వంటసాయానికి వెళ్లాలి, దాన్ని రెవాంగ్ అంటారు. వెళ్లని ఇంట్లో శుభకార్యానికి పొయ్యి దగ్గర ఎవరూ ఉండరు. రాత్రి కాపలా వంతు నీకూ వస్తుంది. డబ్బిచ్చి తప్పించుకోవచ్చు గానీ మొదటి ఏడాది తప్పించుకోకు, ఊరి సంగతులన్నీ ఆ కాపలా పాకలోనే తెలుస్తాయి.

మాట దగ్గర జాగ్రత్త. జావా భాషలో పెద్దలతో వాడే మర్యాద మాటల్లో ఇల్లు గ్రియా, నీళ్లు తోయా, డబ్బు అర్తా. సంస్కృతం తెలిసిన చెవికి కొత్తేమీ కాదు. అందరూ పొరబడేది ఒక్కచోట: ఎదుటివాళ్లు తింటే దహర్, నువ్వు తింటే నెదా. ‘నేను దహర్ చేశాను’ అంటే ‘నేను భోజనానికి విచ్చేశాను’ అన్నట్టుంటుంది.

ఊరు చేరిన 24 గంటల్లోపు ఆర్టీ, అంటే మీ వీధి పెద్ద ఇంటికి వెళ్లు. పాస్‌పోర్టు, నివాస కార్డు, పెళ్లి పత్రం జిరాక్సులు పట్టుకెళ్లు. చెప్పులు బయట వదిలి కూర్చో. టీ తెచ్చి పెడతారు, ‘మొంగ్గో’, అంటే ‘తీసుకోండి’ అనేదాకా గ్లాసు ముట్టుకోకు. పంచదార దండిగానే ఉంటుంది, తాగెయ్.

ఇట్లు,
మీ మామయ్య