జీతమిచ్చే విమాన కంపెనీ షేర్లు అప్పు చేసి కొనాలా?

ప్రశ్న: శంషాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్ గ్రౌండ్ స్టాఫ్‌లో పనిచేస్తున్నాను. వయసు 38. చేతికొచ్చే జీతం 84,000. హోమ్ లోన్ ఈఎంఐ 24,000తో కలిపి నెల ఖర్చు 58,000. బ్యాంకులో 1.1 లక్షలు, ఈరోజు ధరకు 4.5 లక్షల విలువైన మా కంపెనీ షేర్లు ఉన్నాయి. షేరు బాగా పడింది కాబట్టి 13 శాతం వడ్డీకి ఐదేళ్ల పర్సనల్ లోన్ 8 లక్షలు తీసుకుని ఇంకొన్ని కొందామనుకుంటున్నాను. బ్రెజిల్‌లో మూతపడిన విమాన కంపెనీ వారిగ్‌లా అవుతుందని మిత్రులు భయపెడుతున్నారు. ఇంత పెద్ద సంస్థను ప్రభుత్వం మునగనిస్తుందా?

జవాబు: మునగనిస్తుంది. వారిగ్‌ను మునగనిచ్చింది, ఇక్కడ కింగ్‌ఫిషర్‌నూ జెట్‌నూ మునగనిచ్చింది. మీ మిత్రులు సరైన పేరే ఎత్తారు, కానీ అసలు సంగతి చెప్పినట్టు లేరు.

వారిగ్ 1927లో పోర్టో అలెగ్రేలో ఒకే ఒక్క డోర్నియర్ సీప్లేన్‌తో మొదలైంది. 1965లో సైనిక ప్రభుత్వం పనైర్ దో బ్రసిల్ అనే మరో విమాన కంపెనీ అనుమతులు రద్దు చేసి, దాని యూరప్ రూట్లను వారిగ్‌కు కట్టబెట్టింది. సర్కారు చలవతో పెరిగిన కంపెనీయే ఇది. అదే సర్కారు 80లలో ధరల పెరుగుదలను ఆపడానికి టికెట్ రేట్లు బిగించింది, 90లలో అంతర్జాతీయ రూట్లలోకి పోటీదారులను రానిచ్చింది. 1999 జనవరిలో బ్రెజిల్ కరెన్సీ రియాల్ పడిపోయింది. టికెట్ల రాబడిలో ఎక్కువ భాగం రియాళ్లలో, విమానాల లీజులు, ఇంధనం డాలర్లలో. 2001లో గోల్ అనే చౌక టికెట్ల విమాన కంపెనీ దిగింది. 2005 జూన్‌లో వారిగ్ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. 2006 జూలై వేలంలో నడుస్తున్న వ్యాపారం 2.4 కోట్ల డాలర్లకు పోయింది. మరుసటి ఏడాది దాన్నే గోల్ సుమారు 32 కోట్ల డాలర్లకు కొంది. బాకీలతో మిగిలిన పాత కంపెనీ 2010 ఆగస్టులో దివాలా తీసింది.

మీకు పనికొచ్చేది ఉద్యోగుల సంగతి. 1945లో అప్పటి వారిగ్ అధ్యక్షుడు రూబెన్ బెర్టా చొరవతో వాటాల్లో పెద్ద భాగం ఉద్యోగుల ఫౌండేషన్ చేతికి వెళ్లింది. పింఛను ఏరస్ అనే నిధిలో. కంపెనీ తన వాటా కట్టకుండా పదేపదే వాయిదాలు వేసుకుంటూ పోయింది. 2006 ఏప్రిల్‌లో ఏరస్‌లోని వారిగ్ పథకాలు లిక్విడేషన్‌కు (ఉన్నదమ్మి మూసేయడానికి) వెళ్లాయి, మూడు నెలలకే వేలం, వేలల్లో ఉద్యోగాలు ఊడాయి. జీతం, యాజమాన్యం, పింఛను ఒకే ఏడాదిలో పోయాయి. టికెట్ రేట్లు బిగించినందుకు ప్రభుత్వం పరిహారం ఇవ్వాలని బ్రెజిల్ సుప్రీంకోర్టు తేల్చేసరికి 2014. అప్పటిదాకా ఇంటి అద్దె ఎవరు కట్టాలి?

మీరిప్పుడు చేయబోయేది అదే, పైగా అప్పు చేసి. 8 లక్షలకు ఈఎంఐ దాదాపు 18,200, ఐదేళ్లలో వడ్డీయే 2.9 లక్షలు. నెల ఖర్చు 76,000 దాటుతుంది. ఒక్క జీతం ఆగితే 1.1 లక్షలు రెండు నెలలు కూడా రావు. కంపెనీ లిక్విడేషన్‌కు వెళితే షేర్‌హోల్డర్ల వంతు అందరికన్నా చివర; వాళ్లదాకా సాధారణంగా ఏమీ మిగలదు. సగం ధరకు దొరికింది కదా అని కొన్న షేరు కూడా సున్నాకే పోతుంది. ఈ లోన్ వద్దు, ఇందులో బేరాల్లేవు.

ముందు అత్యవసర నిధి. మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలు. విమానరంగంలో పన్నెండు నెలలు ఉండాలి, ఎందుకంటే ఒక కంపెనీ మూతపడితే అదే పని తెలిసిన వందలమంది ఒకేసారి ఉద్యోగాల వేటలో పడతారు. మీకు 7 లక్షలు కావాలి. షేర్లు అమ్మండి, బ్యాంకులోదీ కలిపితే 5.6 లక్షలు. మిగతా 1.4 లక్షలకు, లోన్‌కు కడదామనుకున్న 18,200నే నెలనెలా పక్కన పెడితే ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది. షేర్లు నష్టానికి పోతే గడువులోగా ఐటీ రిటర్ను వేయండి, ఆ నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లచ్చు.

ఈ డబ్బు హోమ్ లోన్ ఉన్న బ్యాంకులో పెట్టకండి. ఈఎంఐలు తప్పితే ఆ బ్యాంకు మీ డిపాజిట్‌ను బాకీకి జమ వేసుకోవచ్చు. వేరే బ్యాంకులో 2 లక్షలు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది నాలుగైదు చిన్న ఎఫ్‌డీలుగా వేస్తే అవసరమైనంతే తెంచుకోవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీదొక్కటే ఉంటే ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్లదాకా వెయిటింగ్ ఉండొచ్చు, అది జీతం వస్తున్నప్పుడే గడవాలి. టర్మ్ పాలసీ కూడా అంతే. మ్యూచువల్ ఫండ్ సిప్ నిధి నిండాకే.

మీ పీఎఫ్ జమలు కనిపించే యూఏఎన్ పాస్‌బుక్ ప్రతినెలా చూడండి. పోయిన నెల పీఎఫ్‌ను కంపెనీ ఈ నెల 15లోగా జమ చేయాలి. పీఎఫ్‌ను కంపెనీ సొంత ట్రస్టు నడుపుతుంటే ఏటా స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. పీఎఫ్ జమ ఆలస్యం కావడం మొదలైతే జీతాలు ఆగేదాకా ఆగకుండా వేరే ఉద్యోగం వెతకండి.

లోన్‌కు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే రద్దు చేయించండి. యాప్‌లో తీసుకుని డబ్బు ఖాతాలో పడిపోయినా, కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకుని లోన్ వదులుకునే) గడువులోపల అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడచ్చు. గడువెంతో లోన్ పత్రాల్లో రాసి ఉంటుంది, కొన్నిచోట్ల ఒక్క రోజే.