అటక మీది పెళ్ళి ప్రయోగం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మీ తాతగారి తాటాకుల కట్టలో పెళ్ళి ప్రయోగం, అంటే పురోహితుడు పెళ్ళి తంతు వరసగా రాసుకున్న పుస్తకం, దొరికిందనీ, పరిష్కరించి అచ్చు వేయిస్తాననీ రాశావు. సంతోషం. తాడు విప్పకముందే కట్టను ఫోటో తీసి పెట్టుకో. తర్వాత ఒక్కో ఆకు రెండు వైపులా, అంచున ఉన్న పత్రసంఖ్య కనబడేలా తీయి. ఎండ, తడిగుడ్డ రెండూ వద్దు. అక్షరాలు వెలిసిపోయాయని నూనెలూ మసీ నువ్వే పూసేయకు. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోట ఆ పని తెలిసినవాళ్ళ చేత చేయించు.

అసలు టెన్షన్ పాఠం దగ్గర, అంటే ఆకుల్లో రాసి ఉన్న మాటల దగ్గర, మొదలవుతుంది. మీది ఆపస్తంబ సూత్రం కదా. ఇంట్లో చేసే కర్మల నియమాలు చెప్పే ఆ గృహ్యసూత్రాన్ని వింటర్నిట్జ్ అనే ఐరోపా సంస్కృత పండితుడు 1887లో, దాని మంత్రపాఠాన్ని, అంటే ఆ కర్మల్లో చదివే మంత్రాల సంకలనాన్ని, 1897లో అచ్చు వేయించాడు. అవి పక్కన పెట్టుకుంటే ఆకుల్లో ఉన్నదాన్ని దిద్దాలని చేయి లాగుతుంది. దిద్దకు. సూత్రంలో పాణిగ్రహణం, లాజహోమం (పేలాల హోమం) ఉన్నాయి కానీ మంగళసూత్రం ఊసు లేదు, జీలకర్ర బెల్లం లేదు. ప్రయోగంలో అవి కనిపిస్తే ఎవరో ఇరికించారనుకోకు. పెళ్ళి ఆచారాలు ఆడవాళ్ళ దగ్గర తెలుసుకోమని ఆపస్తంబుడే రెండో ఖండంలో చెప్పాడు. పురోహితుడు ఆ పనే చేశాడు. తెలుగు మాట ఏదైనా అర్థం కాకపోతే నువ్వూ నిఘంటువు కంటే ముందు మీ నాయనమ్మగారిని అడుగు.

సూత్రంలో చాలాచోట్ల మంత్రం మొదటి మాట కూడా ఉండదు, ‘తరువాతి ఋక్కుతో’ అని ఊరుకుంటుంది. ప్రయోగం రాసుకున్నవాడు కాస్త నయం, ‘సోమః ప్రథమ ఇతి’ అని ఆపేస్తాడు. మిగతాది నోటికి వచ్చు మరి! పూర్తి మంత్రం అడుగున ఇవ్వు, పాఠంలో మాత్రం ప్రతీకనే, అంటే ఆ మొదటి మాటలనే, ఉంచు.

‘కర్మ’ వలపలగిలకతో (రకారపు పొల్లుకు బదులు పక్కన పెట్టే పాత గుర్తు) ‘కర్మ్మ’ అని ఉంటే అది పాత రాత అలవాటు. ముందుమాటలో ఒకసారి చెబితే చాలు.

చివరి ఆకులో సంవత్సరం పేరు చూసి మురిసిపోకు. శార్వరి అంటే 1840 కావచ్చు, 1900 కావచ్చు, ఇంకా వెనకటిది కూడా కావచ్చు. తిథీ వారమూ పంచాంగంతో కలిశాకే తేదీ వేయి. శక సంవత్సరం కూడా ఉంటే నీ అదృష్టం.

మొదటి పది ఆకులూ ఎత్తి రాసి, ఫోటోలతో సహా పంపు. చదవలేని చోట ఊహించి నింపకుండా చుక్కలు పెట్టు.

నీ మావయ్య